నాయన పెద్దరికం దిగిన రోజు

నగరి, 1982
ఆదివారం రాత్రి

ఈరోజు నాయన మా చర్చి సంఘ పెద్దరికం వదులుకున్నాడు. ఆరాధన చివర లేచి, బైబిల్లో సమూయేలు ప్రవక్త ముసలితనంలో ఇశ్రాయేలీయులను అడిగినట్టే అడిగాడు.

"నేను ఎవురి ఎద్దునన్నా తోలుకుపోయినానా? ఎవురికన్నా అన్యాయం చేసినానా? దేవుని ముందర చెప్పండప్పా."

మగ్గాల వీధి రూతమ్మత్త లేచింది. చర్చి స్థలం తగాదాలో సంఘం రెండుగా చీలినప్పటి నుంచి ఆమె నాయనతో మాట్లాడదు.

"నీ నోరు శానా చెడ్డదన్నా," అంది. "కానీ మా ఇంట్లో అందరూ జ్వరాలతో పడుంటే నీళ్లు మోసింది నువ్వే. అన్యాయం చేసినావని నేను చెప్పలేను."

నాయన కళ్లు తుడుచుకున్నాడు. "నన్ను కాదు, దేవుణ్ణి పట్టుకోండి. మళ్లీ విడిచిపెట్టబాకండి. పట్టుకొంటారా?"

"పట్టుకొంటాం!" తగాదా పడ్డ రెండు పక్షాలూ ఒక్కసారే లేచాయి. ఆ కేక ఇంకా నా చెవుల్లో ఉంది.

తర్వాత పెద్దరికానికి నా పేరు చెప్పింది కూడా రూతమ్మత్తే. "ఆడమనిషా?" అని వెనక ఎవరో గొణిగారు.

"ఇశ్రాయేలును నడిపించిన దెబోరా మగోడా?" అంది అత్త.

అందరూ నవ్వారు. చేతులన్నీ లేచాయి.

వచ్చే ఆదివారం ప్రార్థన నడపాల్సింది నేనే. గొంతు వణుకుతుందేమో... వణికితే వణకనీ. నిలబడతాను.