మీ నాన్న స్టూలు

లాల్‌దర్వాజా, హైదరాబాదు,
బోనాలు వెళ్లిన బుధవారం, 1982.

చిరంజీవి ప్రహ్లాదుకు నానమ్మ ఆశీస్సులు.

ఇక్కడ మేమంతా క్షేమం. ఈ మాట లేకుండా ఉత్తరం మొదలుపెట్టకూడదని ఏళ్ల తరబడి ఆడపిల్లలకు పాఠం చెప్పినదాన్ని కనుక రాశాను. ఉత్తరం చదవడం అయ్యాక వెనక్కి వచ్చి ఆ వాక్యాన్ని నువ్వే దిద్దుకో.

జవాబు ఆలస్యమైంది. తపాలా వాళ్లను తిట్టుకోకు, ఆలస్యం చేసింది నేనే.

ముందు తేలిక ప్రశ్నలు. నా మోకాళ్లు ఎలా ఉన్నాయని అడిగావు. నాకంటే ముందే పోయేలా ఉన్నాయి. పత్తర్‌గట్టికి వెళ్లి కళ్లద్దాలు మార్పించుకున్నాను. ఇప్పుడు ఇంట్లో దుమ్మంతా కనిపిస్తోంది, పాతవే నయం. నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వస్తున్నాయి. లొల్లి మాత్రం రోజూ వస్తోంది.

ఇక అసలు ప్రశ్న. బొంబాయి హోటలు బ్యాండులో మీ నాన్న కూర్చుని డ్రమ్ములు వాయించిన స్టూలు నీకిస్తామన్నారని, నెలాఖరుకల్లా పుణె క్లబ్బు వదిలి రమ్మంటున్నారని రాశావు. "నాన్న భుజం నొప్పి ఇక తగ్గదట, నిజమేనా? నాన్న సరేనంటేనే ఆ స్టూలు మీద కూర్చుంటాను. వద్దంటే ఆ గడప తొక్కను. అడిగి చెప్పు" అన్నావు. ఈ ఉత్తరమంతా దానికి జవాబే. మోకాళ్లు లేనిదాన్ని, మధ్య మధ్య కూర్చుంటూ నడుస్తాను. ఓపిక పట్టు.

మీ నాన్న నీకు సగమే తెలుసు. తెల్లవారాక ఇంటికొచ్చి ముసుగు తన్నే తండ్రిని పిల్లలు చూసేది పాదాల వైపు నుంచే. మిగతా సగం నా దగ్గరుంది.

వాడికి అక్షరాలకంటే ముందు దరువు వచ్చింది. పెళ్లి ఊరేగింపులో మర్ఫా వాళ్లు వాయించుకుంటూ పోతుంటే వెంటపడి చార్మినారు దాకా వెళ్లేవాడు. మన వీధి చివర ఎల్లప్ప చొప్ప మంట వేసి డప్పు కాచుకుంటుంటే ఆ మంట పక్కనే గొంతుక్కూర్చునేవాడు. చర్మం వేడెక్కేకొద్దీ డప్పు గొంతు ఎలా మారుతుందో ఇంటికొచ్చి నాకు నోటితో చేసి చూపించేవాడు. నేను ఎక్కం అప్పజెప్పమంటే పలక మీద వేళ్లతో వాయించేవాడు. ఏడో ఎక్కం వాడికి ఈనాటికీ రాదు. ఏడు మాత్రల తాళం మాత్రం నిద్రలో లేపినా వాయిస్తాడు. బెత్తం తీస్తే ఆ బెత్తం చప్పుడును కూడా శ్రద్ధగా వినేవాడు. అలాంటివాణ్ని కొట్టి ఏం సాధిస్తాం?

మీ తాత రామలింగయ్య వాణ్ని రైల్వేలో వేయించాలని దరఖాస్తు పెట్టించారు. వాడు సికింద్రాబాదు వెళ్లాడు గానీ రైల్వే ఆఫీసు దాటి డాన్సు క్లబ్బులోకి పోయాడు. అక్కడి డ్రమ్ములాయన జ్వరపడితే ఒక్క సాయంత్రానికని వీణ్ని కూర్చోబెట్టారు. ఆ సాయంత్రం అక్కడి నుంచి బొంబాయి దాకా సాగింది. అక్కడ పొద్దున సినిమా పాటల రికార్డింగు, సాయంత్రం టీ డాన్సు, రాత్రి కాబరే. గోవా వాళ్ల పెళ్లయితే ఒక నడక, పంజాబీల పెళ్లయితే ఇంకొక నడక. అందరికీ పనికొచ్చేవాడు. అందుకే ఎవరికీ వాడి పేరు గుర్తుండేది కాదు. వాడు వాయించిన రికార్డులు మన ఇంట్లో ఉన్నాయి కదా, ఏ అట్ట మీదైనా రామ్‌చందర్ అని కనిపించిందా?

"జాజ్ అంటే ఏమిట్రా?" అని ఒకసారి అడిగాను.

"ఇల్లు ఏడున్నదో అందరికి ఎరుకనే అమ్మా. కాని సీదా ఎవ్వరు పోరు. గల్లీలన్ని తిరిగి తిరిగి, అందరు ఒక్కపారే వాకిట్ల దిగుతరు" అన్నాడు.

పాతబస్తీలో పుట్టినవాడికి అది ఒకరు నేర్పాలా అనుకున్నాను. తర్వాత ఫంక్ అని ఇంకొకటి పట్టుకొచ్చాడు. "గిది ఇంకో తీరు. మొదటి దెబ్బ మీద మనిషంత బరువేసుడు, మిగిలినయి తప్పించుకుంట తిరుగుడు."

"మీ నాన్న ఉద్యోగం చేసిన పద్ధతే కదరా" అన్నాను, మీ తాతను ఉద్దేశించి. పడీపడీ నవ్వాడు. అప్పటికింకా వాడికి నా మాటలు వినిపించేవి.

(ఈ వాక్యం కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ.)

బొంబాయిలో వాడి వాయింపు ఒక్కసారే విన్నాను. గద్వాల చీర కట్టుకుని, వంటింటి తలుపు పక్కన వేసిన కుర్చీలో కూర్చున్నాను. ఎదర పాడే అమ్మాయి, బాకా ఊదే దొరబాబు, వెనక చీకట్లో వీడు. పుల్లలకు బదులు బ్రష్షులతో వాయిస్తుంటే మా అమ్మ చేటలో బియ్యం చెరిగినట్టే ఉంది. హాలులో అందరి కాళ్లూ వాడి మాటే వింటున్నాయి. ఒక్కరి కళ్లూ వాడి వైపు లేవు. తల్లిని కనుక నేనొక్కదాన్నే చూశాను. వాడు బూట్లు విప్పేసి ఉత్త కాళ్లతో వాయిస్తున్నాడు. ఎంత ఎదిగినా గల్లీ బుద్ధి పోలేదని నవ్వుకున్నాను.

ఇంతదాకా రాసి, కలం పక్కన పెట్టి చాయ్ తాగొచ్చాను. గిన్నెలు కూడా తోమాను. ఇక వాయిదా వేయడానికి ఇంట్లో పనేమీ మిగల్లేదు.

ప్రహ్లాదూ, మీ నాన్న భుజానికి ఏమీ కాలేదు. మీ నాన్నకు చెవులు వినిపించవు.

పోయిన దసరాకు ఇల్లు చేరినప్పుడు నాకూ భుజం నొప్పి అనే చెప్పాడు. హోటలు హాలు రిపేరు చేస్తున్నారు, అయ్యాక కబురు పెడతారన్నాడు. నమ్మాను. ఒకరోజు ఏదో కోపంలో కడుపునిండా తిట్టాను. వాడు నా వైపే చూస్తూ చిరునవ్వు నవ్వాడు. పుట్టి బుద్ధెరిగాక నా తిట్టు ఒక్కటీ ఊరికే పోనివ్వని మనిషి! పొయ్యి మీద కుక్కరు కూతలు వేస్తున్నా వాడు పక్కనే కూర్చుని గోళ్లు తీసుకుంటున్నాడు.

నిలదీస్తే చెప్పాడు. ముందు పోయినవి సన్నటి చప్పుళ్లట. పిచ్చుకలు, గాజులు, చివరికి వాడి ఎడమ చెవి పక్కనే మోగే డ్రమ్ముల ఇత్తడి పళ్లెం. చేత్తో కొడుతున్నాడు, అది ఊగుతోంది, చప్పుడు లేదు. అయినా ఏళ్ల తరబడి ఒక్కరికీ తెలియనివ్వలేదు. బూట్లు విప్పింది అందుకు. బాస్ గిటారు మోత చెక్క వేదికలోంచి అరికాళ్లకు అందేది. పాదాలతో వింటూ చేతులతో జవాబిచ్చాడు. ఒకనాడు హోటలు వాళ్లు వేదికంతా ఖరీదైన తివాచీ పరిచారు. అందరూ బాగుందన్నారు. మీ నాన్న బతుకు ఆ తివాచీ కింద పడిపోయింది. ఒక పాట నడక తప్పింది, మర్నాడు ఇంకొకటి. తాగుతున్నాడనుకున్నారు. వాడు ఔనన్నాడు. చెవిటి డ్రమ్మరు అనిపించుకోవడం కంటే తాగుబోతు డ్రమ్మరు మర్యాద అనుకున్నాడు.

చెవుల డాక్టరుకు చూపించాను. ఇన్నేళ్ల డ్రమ్ముల మోతకు నరం చచ్చిపోయిందన్నాడు. చెవికి మిషను పెట్టి చూస్తే రేకు డబ్బాలో గులకరాళ్లు పోసినట్టుందని తీసి నా చేతిలో పెట్టాడు మీ నాన్న. "ఎవ్వరికి చెప్పకు. ప్రహ్లాద్‌కైతె అసలే చెప్పకు" అని ఒట్టు వేయించుకున్నాడు. అటక మీది పలక దింపాను. ఇప్పుడు మా ముచ్చట్లన్నీ దాని మీదే. నేను రాస్తాను, వాడు అరుస్తాడు. తన గొంతు తనకు వినపడదు కదా. బొంబాయి మనిషి, నోరు పెద్దదని వీధివాళ్లు సరిపెట్టుకున్నారు.

రోజూ పొద్దున్నే దూది దిండు ముందు వేసుకుని, పుల్లలు పట్టుకుని సాధన చేసేవాడు. పిలుపు వస్తే చేయి మొద్దుబారి ఉండకూడదని. నీ ఉత్తరం వచ్చిన పూట కూడా అదే పనిలో ఉన్నాడు. నేను చదువుతుంటే నా ముఖమే చూస్తున్నాడు. అలాంటివాడికి, నీ స్టూలు ఇంకొకరికి ఇచ్చేస్తున్నారు, అదీ నీ కొడుక్కే, అని ఎలా రాయను? "ప్రహ్లాద్ క్షేమం" అని రాసి చూపించాను. ఉత్తరం మడిచి కొంగున కట్టుకున్నాను. తల ఊపి మళ్లీ దిండు మీద వంగాడు. రోజులు గడిచాయి. నాకు ధైర్యం రాలేదు.

మొన్న సోమవారం అమ్మవారి ఘటం ఊరేగింపు మన వీధి మీదుగా వచ్చింది. ఎల్లప్ప మేళం మన వాకిట ముందు ఆగి మంట మీద డప్పులు కాచుకుంది. మీ నాన్న చిన్నప్పటిలాగే ఆ మంట పక్కన చేరాడు. వీధి కుర్రకారు ఊరుకుంటుందా?

"రామ్‌చందరన్నా, నీ బొంబాయి దెబ్బ ఒక్కటి చూపియ్యరాదే!"

"హోటల్ల వాయించుడు కాదన్నా, గిది అమ్మోరి ముంగట!"

ఎల్లప్ప తన డప్పు తీసి వాడి మెడలో వేశాడు. ఆపుదామని లేవబోతే నా మోకాళ్లు లేవలేదు. డప్పు కదా, ఛాతీకి ఆనుకుని ఉంటుంది. ఆ మోత ఎముకల్లోకి పోయింది కాబోలు, కళ్లు మూసుకుని అందుకున్నాడు. ఏం వాయించాడురా! వీధి వీధంతా ఊగింది. ఘటం ముందు నడిచే పోతరాజు వాడి ముందుకొచ్చి కొరడా తిప్పుతూ ఆడాడు. దసరా నుంచి దిండు మీద పడ్డ దెబ్బలన్నీ ఒక్కసారి బయటికొచ్చాయి.

అంతలో పోతరాజు గుడి వైపు మళ్లాడు. మళ్లగానే మేళమంతా దరువు మార్చింది. అది వాళ్ల ఆనవాయితీ. ఎవరూ చెప్పరు, చెవే చెబుతుంది. మీ నాన్న మార్చలేదు. వాళ్లొక దారి, వీడొక దారి. మేళం తడబడి ఒక్కొక్క డప్పే ఆగిపోయింది. ఊరేగింపు నిలిచిపోయింది. వీడొక్కడే, కళ్లు మూసుకుని, పాత దరువే వాయిస్తున్నాడు.

"బొంబాయి సారు మస్తు తాగిండ్రో!" అన్నాడొకడు. నవ్వులు. ఆ నవ్వుల మధ్య ముఖమంతా వెలుగుతో వాయిస్తూనే ఉన్నాడు నా కొడుకు.

ఎల్లప్ప వచ్చి వాడి మణికట్టు పట్టుకున్నాడు. కళ్లు తెరిచాడు. ఆగిన డప్పులను చూశాడు, నవ్వే నోళ్లను చూశాడు.

"ఎప్పటి సంది బిడ్డా?" అన్నాడు ఎల్లప్ప, చెవి ముట్టుకుని చూపిస్తూ. నవ్వులు ఆగిపోయాయి. మీ నాన్న డప్పు తీసి ఎల్లప్పకిచ్చి, దానికి దండం పెట్టి, లోపలికొచ్చేశాడు.

వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు.

"పోరడు ఏం రాసిండు?"

క్షేమమేనని చేత్తో చూపించాను.

"ఉత్తరం అంచుల దాంక రాసిండు. నువ్వు పలక మీద రెండు మాటలు రాసినవ్. పంతులమ్మవు గదనే, సారాంశం గింత పొట్టిగుంటదా?" అని అరిచాడు. వీధిలో జనమంతా విన్నారు.

పలక తీసుకుని ఉన్నది ఉన్నట్టు రాశాను. నీ స్టూలు వాడికిస్తున్నారు. నువ్వు సరేనంటేనే కూర్చుంటాడట. చదివాడు. మళ్లీ చదివాడు. తడిగుడ్డ పక్కనే ఉన్నా చొక్కా చేతితో తుడిచేశాడు.

"హాలు రిపేరు అయిపోయిందన్నట్టు" అన్నాడు.

తల ఊపాను. ఏ రిపేరూ లేదని వాడికీ తెలుసు, నాకూ తెలుసు.

తర్వాత, మొదటిసారిగా, అరవకుండా చెప్పాడు. "స్టూలు కిందికి దించుకొమ్మను. నాకన్న పొట్టోడు. గట్లనే కూసుంటే నడుము పోతది." ఇంకాసేపటికి, "చెవులల్ల దూది పెట్టుకొమ్మను. ఎడమ దాంట్ల ముందుగాల. నవ్వెటోళ్లు నవ్వని."

సరే అనలేదు, వద్దనలేదు. చెప్పింది ఇంతే. నన్నడిగితే వద్దనే అంటాను. కానీ నువ్వడిగింది నన్ను కాదు. అందుకే వాడన్న మాట పొల్లుపోకుండా రాస్తున్నాను. ఒట్టు తప్పినందుకు నాకు పాపం రావచ్చు, రానీ.

నిన్న పొద్దున దిండు ముందు వేసుకోలేదు. ఇవాళా వేసుకోలేదు. పుల్లలు ఎక్కడ పెట్టాడో నేనడగలేదు. ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందో వాడికి తెలియదు. నాకు తెలుస్తోంది.

ఈ కవరులో ఒక పొట్లం పెట్టాను. దీపం వత్తులకని తెచ్చుకున్న దూది, మెత్తటిది. రెండు రోజులు దేవుడు చీకట్లో కూర్చుంటాడు, ఆయనకేం ఇబ్బంది లేదు. నువ్వు మాత్రం సిగ్గుపడకుండా పెట్టుకో. నువ్వొచ్చిన రోజున నేను తిడితే వినిపించాలి.

ఇట్లు,
పలక మీద రాసి రాసి చేయి తిరిగిన నీ నానమ్మ,
నాగమణమ్మ