పేరు లేని పునీతురాలు

అత్తయ్యకి,

పిచ్చుక వందనాలు. ఇక్కడ అందరం బాగున్నాం, అమ్మ మోకాలు తప్ప.

త్వరలో బిషప్ గారు వచ్చి, నుదుట పవిత్ర తైలం రాసి మాకు భద్రమైన అభ్యంగనం ఇస్తారు. ఆలోగా మమ్మల్ని కాపాడే పాలక పునీతురాలిని ఎంచుకుని, ఆవిడ పేరు పెట్టుకోవాలి. మంచివాళ్లందర్నీ మా క్లాసువాళ్లు ముందే లాగేసుకున్నారు. చేతిలో గులాబీలుండే ఆవిడనైతే నలుగురు పంచుకుంటున్నారు. నాకు ఎవరికీ లేని ఆవిడ కావాలి. బొమ్మలు బాగుచేసే నీ షెడ్డు నిండా పునీతులే కదా, ఒకరిని చూసిపెట్టు. ఆ రోజు నా పక్కన నిలబడే జ్ఞానతల్లివి నువ్వే, మరిచిపోకు.

నీ మేనకోడలు,
పిచ్చుక

తా.క. మీ అత్తయ్యకి విరిగిన ముక్కులు అతికించడమే గానీ భక్తి తెలీదని అమ్మ అంటోంది. నేననలేదు.

---

పిచ్చుకకి,

అత్తయ్య ఆశీస్సులు. ఉభయకుశలోపరి.

ముక్కు అతికించకపోతే పునీతులకి ధూపం వాసన ఎలా తెలుస్తుందో మీ అమ్మనడుగు.

మా పనిలో పునీతుల్ని మొహం చూసి గుర్తుపట్టం, చేతిలో వస్తువు చూసి పడతాం. తాళంచెవులుంటే ఒకరు, చక్రం ఉంటే ఇంకొకరు. మూసేసిన ఏదో చర్చి నుంచి వచ్చినావిడ ఒకరు ఇక్కడ మూలన నిలబడి ఉంది. దోసిలి పట్టింది గానీ అందులో ఏమీ లేదు. పీఠం మీద పేరు ఎవరో గీకేశారు. తీసుకెళ్లేవాళ్లు లేరు. కావాలంటే ఆవిడని పెట్టుకో, పోటీ ఉండదు!

నీ అత్తయ్య

తా.క. హాస్యానికన్నాను. అన్నం తినేటప్పుడు ఆవిడ మొహం గోడవైపు తిప్పుతాను. చెయ్యి కడుక్కుని వచ్చేసరికి మళ్లీ నావైపే ఉంటోంది. నేల ఎగుడుదిగుడు కాబోలు.

---

అత్తయ్యకి,

వందనాల మీద వందనాలు. ఆవిడనే పెట్టుకున్నాను! మా క్లాసు సిస్టర్ గారు "పేరేమిటే?" అన్నారు. "ఆవిడే చెప్తుందండీ" అన్నాను. బెంచీ ఎక్కించారు.

రోజూ ఇంట్లోనే మోకరించి ఆవిడకి నా పేరు చెప్పి, మీ పేరేమిటని అడుగుతున్నాను. ఇంకా చెప్పలేదు. సిగ్గరిలా ఉంది.

పిచ్చుక

తా.క. పొద్దున అమ్మ నన్ను పిలవబోయి గరిటె పట్టుకుని ఆగిపోయింది. పిన్నుల పేర్లన్నీ అయ్యాయి, పిల్లి పేరు కూడా అయింది. చివరికి "అదే, నువ్వే!" అంది. భలే నవ్వుకున్నాం.

---

పిచ్చుకకి,

కుశలం సంగతి తర్వాత. ఆవిడకి నీ పేరెందుకు చెప్పావే?

ఆ రోజు నీ భుజం మీద చెయ్యేసి, బిషప్ గారికి నీ పేరు చెప్పాల్సింది నేను కదా. రంగు కలుపుతూ ఆ పేరు ఒకసారి పైకి అని చూసుకున్నాను. మూల నుంచి "ఊఁ" అని వినిపించింది. ఎలుక అనుకుని బోను పెట్టాను. ఎలుక ఊఁ కొడుతుందా అని తర్వాత అనిపించింది. ఆవిడని వదిలేసి గులాబీల ఆవిడ దగ్గరికి వెళ్లిపో. నలుగురిలో ఐదోదానివి, ఎలాగో సర్దుకో.

నీ అత్తయ్య

తా.క. పీఠం మీద గీకేసిన చోట నీ పేరులో మొదటి అక్షరం వచ్చింది. రంగు ఇంకా తడిగా ఉంది. నా కుంచెలన్నీ నా చేతిలోనే ఉన్నాయి.

---

అత్తయ్యా,

నాకు భయంగా ఉంది. హాజరు పిలుస్తూ నా దగ్గరికి వచ్చేసరికి సిస్టర్ గారు దగ్గుతున్నారు. నా పుస్తకాల మీద పేరున్న చోట తెల్లగా ఉంది. అద్దం ముందు నిలబడి నా పేరు నేనే అనబోయాను, సగమే వచ్చింది. గులాబీల ఆవిడకి మారతానంటే, "ఎవరు మారేది?" అన్నారు సిస్టర్ గారు, చుట్టూ చూస్తూ.

ఆదివారం బిషప్ గారు అడిగితే ఏం చెప్పను? నాకు కొత్త పేరు వద్దత్తయ్యా. నాది నాకు కావాలి.

పిచ్చుక
(నువ్వు పెట్టిన ఈ ముద్దుపేరొక్కటే మిగిలింది)

తా.క. కవరు మీద "పిచ్చుక, నీలం తలుపు ఇల్లు" అని రాయి. పిచ్చుకలకి కూడా ఉత్తరాలొస్తాయా అంటాడు పోస్ట్‌మ్యాన్. అననీ.

---

పిచ్చుకకి,

ఆశీస్సులు. ఏడవకు.

ఆవిడతో మాట్లాడాను. ముందు దబాయించాను, తర్వాత బతిమాలాను. పాపం, ఆవిడ తప్పూ లేదు. నువ్వు పేరు కోసం చెయ్యి చాపావు, ఇవ్వడానికి ఆవిడ దగ్గర లేదు. ఏళ్ల తరబడి ఎవరూ పిలిచింది లేదు. నువ్వు చెప్పిన పేరు వినపడింది, పట్టుకుంది.

"పసిదాని పేరు వదిలెయ్ తల్లీ. అది ఇంకా సరిగా వాడుకోనేలేదు. నా దగ్గర బాగా వాడిందొకటి ఉంది, అది తీసుకో" అన్నాను. తీసుకుంది. నీ అక్షరాలు చెరిగిపోయాయి. ఇప్పుడు అద్దం ముందుకెళ్లి నీ పేరు గట్టిగా అను. వచ్చిందా?

ఆదివారం రంగు మరకల చీరలో ఒకావిడ వచ్చి నీ భుజం మీద చెయ్యేస్తుంది. ఎవరని మీ అమ్మ తడబడినా కంగారుపడకు. నువ్వు "అత్తయ్యా" అని పిలువు, పలుకుతాను. అత్తయ్య అనేది వరసే గానీ పేరు కాదు కదా, దాన్నెవరూ పట్టుకుపోలేరు.

నీ అత్తయ్య

తా.క. పీఠం మీద ఇప్పుడు పూర్తి పేరుంది. ఆవిడ దోసిలి మూసుకుంది. నీకు పెట్టాల్సింది ఆ పేరేనని సిస్టర్ గారికి కబురు చేశాను. చక్కటి పేరే. ఎక్కడో విన్నట్టుంది.