పదకొండు ట్యూబుల బంగారం

చాంపియన్ రీఫ్స్
జూన్ 3

మా బావ చిక్కవెంకటప్పగారికి బామ్మర్ది హనుమంతప్ప నమస్కారాలు.

మన చుట్టం మునిశంకర్ గృహప్రవేశంలో గొడవపడి, ఇంగ ఫోన్లో మాట్లాడుకునేది లేదని ఒట్టు పెట్టుకున్నాం కదా. ఒట్టు తీసి గట్టున పెట్టే అలవాటు నాకు లేదు. అందుకే ఈ ఉత్తరం.

మీ వంటింటి ట్యూబులైటు కొట్టుకుంటా ఉంటే, ఆ మిణుకు మిణుకులో సరిగా కనపడక సొన్నమ్మక్క ఉడుకునీళ్ళు కాలిమీద ఒంపుకుందని తెలిసింది. మీ ఊరి వైర్‌మ్యాన్ పాండు ఇక్కడికి వచ్చినాడు. వాడి చేతికి పదకొండు ఎల్‌ఈడీ బల్బులు, హోల్డర్లతో సహా ఇచ్చి పంపుతున్నాను.

కేజీఎఫ్ బంగారు గనిలో ఇరవై ఏళ్ళు ల్యాంప్ రూములో చేసినవాణ్ణి. కిందికి దిగే ప్రతి మనిషికీ లైటు ఇచ్చింది ఈ చేత్తోనే. మా రూలు ఒకటే: పాత లైటు లోపలికొస్తేనే కొత్త లైటు బయటికి. కాబట్టి పాత ట్యూబులు గోనెసంచిలో చుట్టి నాకు పంపండి. వాటిలో పాదరసం ఉండాది, పగిలితే విషం. వాటిని తీసుకునే చోటు ఇక్కడ ఒకటుంది, నేనే ఇచ్చి వస్తాను.

ఇట్లు, మీ బామ్మర్ది

తా.క.: ఈ బల్బులు స్విచ్చి వేయగానే వెలుగుతాయి. ఉలిక్కిపడొద్దు.

* * *

లక్కూరు
జూన్ 9

చిరంజీవి బామ్మర్దికి బావ దీవించి రాయించేది.

రాయించేది అని ఎందుకన్నానంటే, నాకు తెలుగు మాట్లాడేదే వచ్చు, చదివేదీ రాసేదీ కన్నడమే. నీ ఉత్తరం మీ అక్క చదివి వినిపించింది. ఇదీ ఆమే రాస్తా ఉండాది.

నీ బల్బులు నాకొద్దప్పా. లక్కూరులో మొట్టమొదటి ట్యూబులైటు వెలిగింది మా ఇంట్లో. ఊరంతా వచ్చి నోరు తెరుచుకుని చూసినారు. ఇప్పటికీ యాడ ట్యూబు మొరాయించినా నన్నే పిలుస్తారు. నేను స్టూలెక్కి స్టార్టర్ ఒక తిప్పు తిప్పితే రెండుసార్లు కన్ను గీటి మూడోసారికి వెలుగుతాది. అదొక విద్య. నీ బల్బుకేముంది? ఎవరు స్విచ్చేసినా వెలిగేస్తాది. అడక్కుండా సలహా ఇచ్చేవాడు అడక్కుండా వెలిగే బల్బు కాక ఇంకేం పంపిస్తాడు!

ఇట్లు, చిక్కవెంకటప్ప

తా.క.: ఈ ముక్క ఆయన చెప్పింది కాదు, నాది. కాలు బొబ్బ ఇంకా మానలేదు రా. బల్బులు రాగుల డబ్బాలో దాచినాను. — అక్క

* * *

చాంపియన్ రీఫ్స్
జూన్ 15

విద్యావంతులైన బావగారికి నమస్కారాలు.

స్టూలెక్కే విద్య మెచ్చుకోదగ్గదే. కానీ మీరు ఎక్కి, తిప్పి, దిగేలోపల అక్క చీకట్లో పొయ్యి ముందర నిలబడి ఉంటుంది. మల్బరీ ఆకు కోసేది అక్క. పట్టుపురుగులకు మేత వేసేది అక్క. పాలు పిండేది, సంగటి కెలికేది అక్క. స్టార్టర్ తిప్పేది మీరు. పని సరిసమానంగా పంచుకున్నారు, సంతోషం! రేపు రెండో కాలు కూడా కాలితే అప్పుడైనా స్టూలు దిగుతారా?

ఇట్లు, హనుమంతప్ప

తా.క.: ట్యూబులు విప్పేటప్పుడు పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకోండి. ఒక్కటి కూడా పగలకూడదు. పాతసామాన్ల వాడికి అసలు ఇవ్వొద్దు. అన్నీ నాకే రావాలి.

* * *

లక్కూరు
జూన్ 20

ఒరే దొంగా, దొరికిపోయినావు!

పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకోవల్నా? పాతసామాన్ల వాడికి ఇయ్యకూడదా? అన్నీ నీకే రావల్నా? మీ అక్క పాపం అమాయకురాలు, నువ్వు చివర్లో నోరు జారి రాసిన మాట కూడా చదివేసింది: 'పాదరసం బంగారాన్ని ఎట్లా పట్టి లాగుతాదో నాయన మనకు మిల్లులో చూపించినాడు కదక్కా' అని.

నేను గనిలోకి దిగలేదు గానీ గని ఇంటి అల్లుణ్ణి. రాయిని పిండి చేసి పాదరసం మీద పారిస్తే బంగారం అతుక్కుంటాదని మీ నాయన నాకు వందసార్లు చెప్పినాడు. కేజీఎఫ్ వాడు పాదరసం పేరెత్తినాడంటే వెనకాల ఏముంటాదో తెలీదా? ట్యూబు లోపల ఆ తెల్లపొడి ఏందనుకున్నావు? విభూతా?

పదకొండు ట్యూబులూ నేనే విప్పి, పట్టుచీరల్లో చుట్టి, మంచం కింద పెట్టినా. మంచం దిగడం లేదు, భోజనం కూడా ఈడికే తెప్పించుకుంటా ఉండా. ఇల్లు చీకటైందని మీ అక్క నీ బల్బులు తగిలించింది. అది టెంపరరీ.

ఇట్లు, గని ఇంటి అల్లుడు

తా.క.: ఎదురింటి ఓబలప్ప పసిగట్టేసినాడు. వాడూ మూడు విప్పినాడు. వీధి వీధంతా స్టూళ్ళ మీదే ఉండాది.

* * *

చాంపియన్ రీఫ్స్
జూన్ 24

బావగారూ, మీ కాళ్ళకు దండం పెడతాను.

ఆ మాట నేను రాయలేదు. దేవుడి తోడు, రాయలేదు! ట్యూబులో బంగారం లేదు, లేదు, లేదు. ఉంటే ల్యాంప్ రూములో ఇరవై ఏళ్ళు చేసినవాణ్ణి ఈ రేకుల ఇంట్లో ఎందుకుంటాను? గనులు మూసేసి ఇన్నేళ్ళయినా మన జిల్లాలో తెల్లపొడి కనపడితే చాలు, జల్లెడ పట్టుకొచ్చేస్తారు. ఇంట్లో మనిషి కాలు కాలింది కనపడదు గానీ మూసిన గాజులో బంగారం కనపడుతుంది!

దయచేసి పగలగొట్టకండి. ఓబలప్పకూ చెప్పండి.

ఇట్లు, హనుమంతప్ప

తా.క.: ఆ పట్టుచీరలు ఎవరివి?

* * *

లక్కూరు
జూన్ 29

బామ్మర్దికి,

ఎంత మాట రాసినావురా! మీ అక్క చదువుతా ఉంటే నా చెవులను నేనే నమ్మలేదు. 'గురిగింజ ఎత్తు కూడా నీకు వాటా ఇవ్వను' అంటావా? ట్యూబులు నావి, స్టార్టర్ తిప్పింది నేను, వాటా నీదా?

సోమవారం పొద్దున బస్సుకు నేనే వస్తా ఉండా. సంచి ఒళ్ళోనే పెట్టుకుంటా. ఓబలప్పను నమ్మించి వీధిలోని ట్యూబులన్నీ నా సంచిలోకే తెప్పించినా. నా కళ్ళ ముందర బంగారం తీయల్ల. సగం నీకు, సగం నాకు. ఓబలప్పకు పొడి.

ఇట్లు, నీ బావ

తా.క.: చీరలు మీ అక్కవి. పెళ్ళినాటివి.

* * *

లక్కూరు
జూలై 1, సోమవారం

ఒరే హనుమంతా, అక్క దీవెనలు.

ఇది నా చేత్తో నా మాటలు. ఆయన ఇప్పుడే బస్సెక్కినారు. పాండు బండిలో ఆ పక్కకే వస్తా ఉంటే ఇది వాడికిచ్చినాను, ఆయనకంటే ముందే నీకు అందాలని.

బంగారం మాట నువ్వు రాయలేదు, నేను చదివినాను. నువ్వు 'బంగారం లేదు' అని రాసినచోట 'వాటా లేదు' అని చదివినాను. తప్పే, ఒప్పుకుంటాను. కానీ నలభై ఐదేళ్ళు ఆయన చెప్పిందంతా నేను విన్నాను రా. ఒక్క నెల నేను చదివింది ఆయన విన్నారు. అంతే కదా.

నా కాలు కాలితే కదలని మనిషి బంగారం అనగానే గంటలో పదకొండు ట్యూబులూ విప్పినారు. నేను నవ్వినాను, తరవాత వంటింట్లోకి పోయి ఏడ్చినాను. ఏడుస్తా ఉన్నప్పుడే చూసినా, వంటిల్లు ఎంత వెలుతురుగా ఉండాదో! పొయ్యి మీద గిన్నె, గిన్నెలో ఉడుకు, అంతా కనపడతా ఉండాది. ఓబలప్ప పెళ్ళాం దొడ్డమ్మ కూడా వచ్చి, "అక్కా, మా ఆయనకూ ఒక ఉత్తరం చదివి పెట్టరాదా, వంటింట్లో పొగగొట్టం కావల్ల," అని అడిగి పోయింది.

ఆయన రాగానే బంగారం లేదని మొహమ్మీదే అనొద్దు. మీ వరండాలో ఒక పాత ట్యూబు తగిలించి, స్టార్టర్ లూజు చేసి పెట్టు. "బావా, ఇది వెలగడం లేదు, మీరే తిప్పల్ల," అని పిలువు. తిప్పినాక, ఆయన మనసు బాగున్నప్పుడు నిజం చెప్పు. ఇక్కడ ఇంగ ఆయన్ని అట్లా పిలిచేదానికి ఏ పనీ మిగల్లేదు. అదొక్కటే నాకు బాధగా ఉండాది.

ఇట్లు, మీ అక్క సొన్నమ్మ

తా.క.: నా చీరలు పదిలంగా వెనక్కి పంపు. వాటితోపాటు ఒక్క ట్యూబు కూడా పంపు. కొత్త వెలుతురులో నలభై ఐదేళ్ళకు మీ బావ మొహం తేటగా చూసినాను. ఆయన కూర్చునే మా వరండాకు ట్యూబులైటే మేలు.