గాజుకు కట్టిన చీటీ

చెల్లీ నూరీ,

నువ్వు పోయి నేటికి ఏడాది. లక్క పొగతో నిన్ను పొట్టన పెట్టుకున్న ఆ గాజుల కార్ఖానాకు ఇవాళ వెళ్లాను. ఆ గాజులిప్పుడు విదేశాల షాపులకు పోతున్నాయట. నీ పీట మీద తొమ్మిదేళ్ల సల్మా కూర్చుని వాటికి ఇంగ్లిష్ చీటీలు కడుతోంది. ప్రతి చీటీ మీదా "పిల్లలతో చేయించలేదు" అని అచ్చు వేసి ఉంది.

సేఠ్‌ను నిలదీశాను.

"పని కాదమ్మా, పిల్లలు నేర్చుకుంటున్నరు. లొల్లి చెయ్యకు," అన్నాడు.

నిన్ను బడి మాన్పించిన రోజు అమ్మీతో సేఠ్ అన్నదీ ఆ మాటే.

"దీని మీద ఏం రాసుందో తెలుసా?" అని సల్మాను అడిగాను.

"నాకు చదువు రాదు, ఆపా," అంది, మరో చీటీ అందుకుంటూ.

అన్నీ నేర్పుతున్నాడట, నూరీ. ఆ చీటీ చదవడం తప్ప.