మెడలో లేని గొలుసు

మార్చి 3, మంగళవారం

ఆడపడుచు పెళ్ళి ఖాయమైంది. అత్తయ్య నన్ను గదిలోకి పిలిచి బీరువాలోంచి తన గొలుసు తీసింది. పెళ్ళిలో ఇది వేసుకోవాలంది. వేసుకోనన్నాను. అంటే, తల అడ్డంగా ఊపాను. పెద్దవాళ్ళ ముందు నాకు నోరు పెగలదు.

మా అమ్మమ్మ నగలు తీసేసింది. అమ్మ తీసేసింది. నీళ్ళలో మునిగి బాప్తిస్మం తీసుకున్న రోజు నేనూ తీసేశాను. మా సంఘంలో ఆడవాళ్ళెవరూ నగలు పెట్టుకోరు. సంబంధం మాట్లాడినప్పుడే ఈ సంగతి చెప్పాం. ఈ పిల్లకి దొంగల భయం ఉండదని అత్తయ్య అప్పుడు నవ్వింది. ఇప్పుడు నవ్వడం లేదు.

మార్చి 5, గురువారం

అత్తయ్య నొక్కితే అంటుకునే కమ్మలు తెచ్చింది. నా చెవుల రంధ్రాలు పూడిపోయాయని కనిపెట్టింది మరి. ఆవిడవి డేగ కళ్ళు.

మార్చి 8, ఆదివారం

ప్రార్థన నుంచి వచ్చేసరికి ఇంట్లో పంచాయితీ. నేను బోసి మెడతో నిలబడితే వియ్యాలవారు తన కొడుకుని గతిలేనివాడనుకుంటారట. గొలుసు లేకపోతే ఫ్యామిలీ ఫోటోలోకి రావద్దంది అత్తయ్య. ఆ ఫోటోని పెద్దది చేయించి హాల్లో పెడతారు. వచ్చినవాళ్ళందరూ చూస్తారు. అందులో లేకపోతే ఈ ఇంట్లో లేనట్టే.

ఆయన వ్యాన్ తోలి తోలి అలిసిపోయి వచ్చారు. ఒక్క క్లిక్కే కదా, వేసుకుని తీసెయ్, దేవుడేమీ అనుకోడన్నారు. దేవుడి తరఫున మాట్లాడేవాళ్ళకి ఈ ఇంట్లో కొదవ లేదు.

"ఒక్క క్లిక్కే కదండీ. గొలుసు లేకుండానే పడనివ్వండి" అన్నాను.

ఆయన నవ్వు దాచుకోవడానికి మంచినీళ్ళ కోసం వెళ్ళారు.

మార్చి 14, శనివారం

పెళ్ళి అయింది. ఫోటో టైముకి అత్తయ్య గొలుసు డబ్బా చేత్తో పట్టుకునే ఉంది. నేను వెళ్ళి వరసలో ఆవిడ పక్కనే నిలబడ్డాను. నన్నెవరూ పక్కకి లాగెయ్యలేదు. వియ్యాలవారి ముందు ఎలా లాగుతారు? అది ముందే ఆలోచించుకున్నాను. సిగ్గుపడేవాళ్ళకి తెలివి ఉండదా ఏమిటి.

మార్చి 27, శుక్రవారం

ఫోటో వచ్చింది. అందులో నా మెడలో గొలుసు ఉంది.

అదే రోజు, సాయంత్రం

స్టూడియో అతను కంప్యూటర్లో పెట్టాడట. అత్తయ్య మొహం వెలిగిపోతోంది. "నేను చెప్పలేదే తల్లీ, నిన్ను చూసి అతనికే జాలేసినట్టుంది" అంది. పెళ్ళికూతురి మెడలోంచి కాపీ కొట్టాడు. ఇద్దరి లాకెట్లూ ఒకే వైపు వంకర తిరిగి ఉన్నాయి. నా గొంతు కింది పుట్టుమచ్చ గొలుసు వెనక్కి పోయింది.

హాల్లో తగిలించేశారు. దేవుడికిచ్చిన మాట నేను తప్పానని గోడ మీద దొంగ సాక్ష్యం.

మార్చి 28, శనివారం

అందరూ లేవకముందే ఫోటో దింపాను. అద్దం తీశాను. నేను పనిచేసే టైలరింగ్ షాపులో కుట్లు విప్పే చిన్న కత్తి ఒకటి నా సంచిలోనే ఉంటుంది. దాంతో గొలుసు గీకేశాను. గుడ్డ చిరగకుండా కుట్టు విప్పినట్టు, నెమ్మదిగా. పసుపు రంగు పోయింది. గొలుసు ఆకారంలో తెల్ల గీత మిగిలింది. మునుపటికంటే బాగా మెరుస్తోంది.

అత్తయ్య దగ్గరికొచ్చి ఆ గీతని వేలితో తడిమింది. తర్వాత, "బంగారం నచ్చక వెండిది చేయించుకున్నావా" అంది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

మార్చి 30, సోమవారం

షాపు నుంచి తిన్నగా స్టూడియోకి వెళ్ళాను. ఒక్కదాన్నే. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చి, మళ్ళీ వెళ్ళాను. గొలుసు లేని ఫోటో కావాలన్నాను. పెట్టమని అడిగేవాళ్ళే గానీ తీసెయ్యమన్నవాళ్ళని చూడలేదన్నాడు. పెళ్ళి హడావుడిలో వేసుకోవడం మర్చిపోయావనుకున్నానమ్మా, మీ ఇంట్లో గొడవవుతుందని పెట్టానన్నాడు. పాపం, చెడ్డవాడు కాదు.

"ఏమీ మార్చకుండా ఇవ్వండన్నా. ఎవరిదీ మార్చొద్దు."

రెండుసార్లు అన్నాను. మొదటిసారి అన్నది నాకే వినపడలేదు.

ఏప్రిల్ 2, గురువారం

అసలు ఫోటో వచ్చింది. నా మెడ నా మెడలాగే ఉంది. ఆయన పుట్టుమచ్చ మీద వేలు పెట్టి, ఇదిగో దొరికిందన్నారు.

కానీ ఇందులో అందరూ కెమెరాని చూస్తుంటే అత్తయ్య ఒక్కతే పక్కకి తిరిగి నా మెడని చూస్తోంది. గుడ్లురిమి. మొదటి ఫోటోలో స్టూడియో అతను ఆవిడ మొహం కూడా సరిచేశాడన్నమాట. అత్తయ్య లబోదిబోమంది. తన మొహం వరకైనా మార్పించుకు రమ్మంది.

"ఉన్నది ఉన్నట్టే ఉండాలి అత్తయ్యా" అన్నాను.

మేకుకి నేనే తగిలించాను.

ఏప్రిల్ 12, ఆదివారం

ప్రార్థనకి బయల్దేరుతూ చూశాను. అత్తయ్య ఫోటో ముందు నిలబడి, తన గొలుసుని అరచేత్తో కప్పుకుని, ఆ ఫోటో అద్దంలో తన మెడ చూసుకుంటోంది. నన్ను చూసి చెయ్యి తీసేసింది.