బతికున్న మనిషి పటం

ఫిబ్రవరి 3

నాగ్‌పూర్ నుంచి వ్యాన్ వచ్చి మా సిరొంచ బస్టాండు పక్క మైదానంలో ఆగింది. పందొమ్మిది పటాలు దించారు. ప్రతి పటంలో రెండు సగాలు — ఎడమ పక్క ఆఫ్రికా చెట్టు, కుడి పక్క అక్కడి మనుషుల కష్టం. పొట్ట లావుగా ఉన్న ఓ చెట్టు పక్కన నీళ్ల డబ్బాలు మోసే ఆడపిల్లలు. చింతచెట్టు పక్కన ఊరొదిలి వచ్చి గుడారాల్లో ఉంటున్నవాళ్లు. జొన్న పక్కన ఖాళీ గిన్నె పట్టుకున్న ముసలాయన.

తెచ్చిన అమ్మాయి పేరు పూర్వ. మా అమ్మాయి కంటే చిన్నది. మరాఠీలో ఒకటే గలగల. పటాల కింద రాతంతా మరాఠీ, ఇంగ్లీషు. చూడవచ్చిన వాళ్లకు నేను తెలుగులో చదివి చెప్పాలట. నా స్టూడియో వెతుక్కుంటూ వచ్చి అడిగింది. ఒప్పుకున్నాను. ఎన్నేళ్లుగానో పాస్‌పోర్టు సైజు ముఖాలు తీస్తున్నవాణ్ణి, అంత పెద్ద ఫోటోలు చూస్తే ఒళ్లు పులకరించింది.

ఫిబ్రవరి 4

మొదటి రోజు. జనం బాగానే వచ్చారు. చెప్పులు బయట విడిచి మరీ వచ్చారు!

అంకిస నుంచి వచ్చిన ఓ అవ్వ నీళ్లు మోసే పిల్ల పటం కింద బంతిపువ్వు పెట్టి దండం పెట్టింది. "పాపం, ఎప్పుడు పోయిందయ్యా ఈ పిల్ల?"

"పోలేదవ్వా, బతికే ఉంది."

"మరి గింత పెద్దగ కట్టిచ్చి పెట్టిండ్రేంది?"

అవ్వ తప్పేముంది. మా ఊళ్లో బతికున్నవాళ్ల ఫోటో ఆల్బంలో ఉంటుంది, పోయినవాళ్లది గోడ మీద ఉంటుంది. ఆ గోడ ఫోటోలు చేసేది నేనే. ఏ పెళ్లి ఫోటోలోంచో తల కత్తిరించి, పెద్దది చేసి ఇస్తాను.

ఇంటికొచ్చి మా ఆవిడ శాంతకు చెప్పాను — చింత, జొన్న, ఆముదం, బెండకాయ, అన్నీ ఎప్పుడో ఆఫ్రికా నుంచి వచ్చినవేనట.

"ఇగ మనం తినేదంత వాళ్లదేనా? మరి మనదేమున్నది?"

"నువ్వున్నావుగా."

"సాలు తియ్," అంది. అన్నంలో నెయ్యి మాత్రం ఇంకో చెంచా పడింది.

ఫిబ్రవరి 5

పూర్వ ఇంకో పని చెప్పింది. వ్యాన్ ఆగిన ప్రతి ఊళ్లో ఒక పటం కలుపుతారట — ఆ ఊళ్లో పెరిగే ఆఫ్రికా మొక్క ఒకటి, ఆ ఊరి కష్టం ఒకటి. ఇరవయ్యో పటానికి మేకు కొట్టి ఖాళీగా ఉంచింది.

ఆలోచించక్కర లేకపోయింది. మా పెరట్లో ఆముదం చెట్టు. దాని పక్కన శాంత.

మొదటి కాన్పుకు పుట్టింటికి పెర్మిలి వెళ్లింది. వానాకాలం. నొప్పులు రెండు రోజులైనా తెగలేదు. బండి లేదు, రోడ్డు లేదు. మంచం మీద పడుకోబెట్టి నలుగురు అహేరి ఆసుపత్రి వైపు మోశారు. వాళ్ల మేనమామ, పక్కింటి అన్నదమ్ములిద్దరు, శాంత తమ్ముడు బండు. వాడికప్పుడు పదహారేళ్లు. శాంత బతికింది. బాబు బతకలేదు. నాకు సిరొంచకు కబురు అందేసరికి రెండు రోజులైంది.

ఇప్పటికీ వానలు పడితే అక్కడ మంచాలే మోస్తున్నారు. అందుకే ఈ పటం ఉండాలి.

శాంతతో అంటే — "బతికున్న మనిషిని గోడకు ఎక్కిస్తవా?" చీపురు అందుకోలేదు, అంతే.

ఫిబ్రవరి 6

ఒప్పుకుంది. కానీ షరతు పెట్టింది.

"నన్ను మోసినోడు లేకుంట నేనొక్కదాన్నే నిలబడ్తె ఎట్లుంటది? బండు గూడ ఉండాలె."

మంచం మోసిన మిగతా ముగ్గురూ పోయారు, మిగిలింది బండే. వాడు మా గడప తొక్కి పదకొండేళ్లు. కారణం నేనే. శాంత నాన్న పోయినప్పుడు గోడ ఫోటో నేనే చేశాను. అందరికీ చేసినట్టే కోటూ టై తొడిగాను, గౌరవంగా ఉంటుందని. బండు ఆ ఫోటో చూసి, "మా బాపు ఒంటిమీద ఏనాడన్న కోటు చూసినవా బావా? ఈయన ఎవలో నాకు తెల్వదు," అని లేచిపోయాడు. మళ్లీ రాలేదు. ఫోటో మార్చి పంపితే తిప్పి పంపాడు.

శాంత వాణ్ణి తిట్టదు, నన్నూ తిట్టదు. రాఖీ పున్నమి రోజు మాత్రం ఎవరితోనూ మాట్లాడదు.

ఫిబ్రవరి 7

ముందు శాంత ఒక్కదాన్నే తీశాను, బండు సంగతి తరువాత చూద్దామని నచ్చజెప్పి. ఆముదం గెల చేత్తో పట్టుకుని నిలబడింది. "కొంచెం నవ్వు" అంటే, "మంచం మీద మోసిండ్రని చెప్పుకుంట నవ్వుతరా ఎవలన్న?" అంది. అది నిజమే. ఆ కోపపు ముఖమే తీశాను. నా చేతిలో ఇంత మంచి ఫోటో ఎప్పుడూ పడలేదు.

ఫిబ్రవరి 8

అహేరి నుంచి ప్రింటు వచ్చింది. నిలువు మూడడుగులు. ఫ్రేముకు కరీం భాయ్ దుకాణంలో ఇచ్చాను.

ఫిబ్రవరి 9

అయ్యో.

కరీం భాయ్ మధ్యాహ్నం భోజనానికి వెళ్లాడు. ఫ్రేము కట్టింది కొత్త పనివాడు. మూడడుగుల ఫ్రేము కడితే గంధపు దండ వేసి ఇవ్వడం ఆ దుకాణం అలవాటు. వేశాడు. జిగురు ఆరాలని రోడ్డు వైపు తిప్పి ఎండలో నిలబెట్టాడు.

రెండు గంటలు. సంత రోజు. అంకిస బస్సు ఆ దుకాణం ముందే ఆగుతుంది...

నేను వెళ్లేసరికి ముగ్గురు ఆడవాళ్లు పటం ముందు ముక్కులు చీదుకుంటున్నారు. కరీం భాయ్ పరుగున వచ్చి తల పట్టుకున్నాడు. "తోబా తోబా! అన్నా, వదినకు చెప్పకు, జర కాళ్లు మొక్కుత!"

చెప్పకుండా ఎలా ఉంటుంది? సాయంత్రం మా అమ్మాయి అహేరి నుంచి ఏడుస్తూ ఫోన్ చేసింది. ఎత్తింది శాంతే. అమ్మ గొంతు విని అది ఇంకా జడుసుకుంది. విషయం తెలిశాక శాంత పడీ పడీ నవ్వింది. "నేను పోతే ఎవలెవలు ఏడుస్తరో తెలిసింది, మంచిదే అయింది," అంది.

ఫిబ్రవరి 10

పొద్దున ఎనిమిదింటికి ఇంటి ముందు జీపు ఆగింది. శాంత వాకిలి ఊడుస్తోంది. నేను అరుగు మీద చాయ్ తాగుతున్నాను.

దిగింది బండు. వెనక ఐదారుగురు. వాడి చేతిలో కొత్త చీర — ఆడపిల్ల పోతే పుట్టింటివాళ్లు తేవాల్సిన చీర. కళ్లు వాచిపోయి ఉన్నాయి. దారంతా ఏడ్చినట్టున్నాడు.

చీపురు పట్టుకుని నిలబడ్డ అక్కను చూశాడు. మోకాళ్ల మీద కూలబడ్డాడు. వాళ్లింటి భాష గోండీలో ఏమేమో అన్నాడు. ఇన్నేళ్ల కాపురంలో నాకు గోండీ సగమే వచ్చింది. శాంత కూడా మట్టిలోనే కూర్చుని వాడి తల పొట్టకు హత్తుకుంది. ఆ తర్వాత వీపు మీద గట్టిగా ఒక్కటి వేసింది.

"పదకొండేండ్ల సంది ఒక్క పండుగకు చీర తేలేదు. సచ్చినంక తెచ్చినవా?"

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అంతా బాగైపోయిందనుకున్నాను. అన్నం పొయ్యి మీదుంది. ఇంతలో ఎవరో ఫ్రేము సంగతి చెప్పారు. బండు నా వైపు చూశాడు.

"మల్ల నీ ఫోటోనే, బావా."

అంతే. లేచి జీపు ఎక్కాడు. శాంత వెనకే పరుగెత్తింది, "బండూ, ముద్ద తినిపో..." అని. జీపు ఆగలేదు. చీర అరుగు మీదే ఉండిపోయింది.

ఫిబ్రవరి 11

శాంత నాతో మాట్లాడటం లేదు. ఇరవయ్యో మేకు ఖాళీ. బండు లేని పటం పెట్టనివ్వదు. వ్యాన్ పదిహేనో తారీఖు సాయంత్రం కదులుతుందని పూర్వ గుర్తుచేసింది.

ఫిబ్రవరి 12

పెర్మిలి వెళ్లొచ్చాను. అహేరిలో బస్సు మారి, శాంతకు చెప్పకుండా.

బండు ఇంటి ముందు వెదురు చీలుస్తున్నాడు. కూర్చోమనలేదు. వాళ్లావిడ నీళ్లిచ్చింది. నిలబడే చెప్పాను — కోటు వేయడం నా తప్పే, నన్నెంతైనా తిట్టు, అక్క ముఖం చూసి ఒక్కసారి రా.

చేతిలో బద్ద చివరిదాకా చీల్చాడు. తర్వాత అన్నాడు — "కోటు కాదు, బావా."

మరేమిటి అన్నాను.

"ఆ దినం వాగు దాటుతుంటె నా కాలు జారింది. నా దిక్కు మంచం ఒరిగింది. అక్క పట్టె పట్టుకొని ఒర్రింది. తెల్లారి పిలగాడు సచ్చి పుట్టిండు. నావల్లనే పోయిండు. నీ మొకం చూసినప్పుడల్ల నాకు గదే యాదికొస్తది. నీ ఇంట్ల ముద్ద గొంతు దిగకపోయేది. కోటు దొరికింది, గది పట్టుకొని తప్పుకున్న."

నిజమే, అంతకుముందు కూడా వాడు మా ఇంట్లో ఒక్క పూట మించి ఉండేవాడు కాదు. పని ఉందనేవాడు. నేను నమ్మేవాణ్ణి.

నాకు కోపం రావాలేమో. రాలేదు. నా భార్యనూ బిడ్డనూ ఒక పదహారేళ్ల పిల్లవాడి భుజం మీద పెట్టి, నేనిక్కడ ఎవరిదో నిశ్చితార్థం ఫోటోలు తీస్తూ ఉండిపోయాను. వాడి పక్కన కూర్చున్నాను. భుజం మీద చెయ్యి వేస్తే తీసేయలేదు.

"అక్కకు చెప్పకు. ఒట్టు పెట్టు."

పెట్టాను.

ఫిబ్రవరి 13

ఒట్టు తప్పాను.

పొద్దున మైదానంలో పిల్లలకు పటాలు చదివి చెబుతున్నాను. చింతచెట్టు పటం దగ్గర చదివిన వాక్యమే మళ్లీ మళ్లీ చదివాను. పూర్వ నీళ్లిచ్చి, "కాకా, ఇంటికి వెళ్లండి" అంది. వచ్చేశాను. శాంత చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. ఎదురుగా కూర్చుని అంతా చెప్పేశాను. వాగు, జారిన కాలు, ఇన్నేళ్ల నుంచి వాడు మోస్తున్నది.

ఈనెలు తీయడం ఆపలేదు. చివరి కాయ అయ్యాక చేతులు దులుపుకుని అంది:

"వాగు దాంక ఎందుకు? పొద్దుగాల మంచం ఎక్కినప్పటికే కడుపుల కదులుడు ఆగింది. నాకెర్కనే."

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"చెప్తే వాళ్ల కాళ్లు పడిపోవా? నన్ను దవాఖానకు ఎవలు తీస్కపోదురు?"

తర్వాత ఏడ్చింది. బాబు కోసం కాదు, "పిచ్చి పోరడు, ఒక్కసారన్న నన్ను అడగకపాయె" అని. నేనూ ఏడ్చాను. మేమిద్దరం ఆ బాబు గురించి ఇంతసేపు మాట్లాడుకోవడం ఇదే మొదటిసారి.

రేపు మొదటి బస్సుకు పెర్మిలి. ఇద్దరం. కెమెరా తీసుకొమ్మంది. ఒక ఆముదం కొమ్మ కూడా కోసి పెట్టమంది, "అక్కడ చెట్టున్నదో లేదో" అని.

ఫిబ్రవరి 14, తెల్లవారుజాము

బండు తెచ్చిన చీరే కట్టుకుంది. చావుకు తెచ్చిన చీర కడతారా అని అనబోయి ఊరుకున్నాను. ఎంత బాగుందో.

అద్దం ముందు జడ వేసుకుంటూ మెల్లగా ఏదో అనుకుంటోంది. తలుపు దగ్గర నిలబడి విన్నాను. తమ్ముడికి చెప్పబోయే మాటే — "పొద్దుగాలనే ఆగింది, బండూ... మంచం ఎక్కక ముందుకే ఆగింది..." గోండీలో ఒకసారి, తెలుగులో ఒకసారి. మాటలు అటూ ఇటూ మార్చి మళ్లీ అంటోంది.

నాకొకటి గుర్తొస్తోంది. ఆ కాన్పయిన ఏడాదే అనుకుంటాను, ఇదే ఇంట్లో, నా పక్కన పడుకుని ఒకసారి చెప్పింది — వాగు నీళ్లు చల్లగా తగిలితే బాబు కడుపులో కదిలాడని. అలా చెప్పినట్టే గుర్తు. నా గుర్తే తప్పేమో. చాలా ఏళ్లైంది.

అడగలేదు. అడగను.

వాడు నమ్ముతాడా? పక్కనే నన్ను కూర్చోబెట్టుకుని చెబుతుంది. నిజమేనా అని వాడు ముందు నా ముఖమే చూస్తాడు...

పిలుస్తోంది. బస్సువాడు హారన్ కొడుతున్నాడు.