మాస్టారి గెలుపు నిజమైనదే

మార్ దెల్ ప్లాతా,
24 మార్చి 1959

డెల్మీరా అక్కకు, నేను కులాసా.

నాకు చదరంగం నేర్పిన మన ఫౌస్తీనో మాస్టారికి నేను కావాలనే ఆట వదిలేశానని ఇవాళ పేపర్లో రాశారు. అక్కడికీ వచ్చే ఉంటుంది, నమ్మకు. ఈ టోర్నమెంటులో ఆయన అంతవరకు ఒక్క ఆటా గెలవలేదు. నిన్నా ఓడిపోతారేమోనని, డ్రా చేసుకుందామని నేనే అడిగాను.

"గ్రాండ్‌మాస్టర్‌వి అయ్యాక నాకే ముష్టి వేస్తున్నావట్రా? నోరు మూసుకుని ఆడు!" అన్నారు.

ఒళ్ళు దగ్గర పెట్టుకునే ఆడాను. నాలుగో గంటలో ఆయన గుర్రం ఎత్తు నా కంట పడలేదు, మంత్రి పోయింది. నా మొదటి స్థానమూ పోయింది.

పొద్దున ఆ పేపరు పట్టుకుని నా గదికి వచ్చారు. "నిజం చెప్పరా, జాలిపడ్డావా?" అన్నారు. పావులు పేర్చి నేను ఎక్కడ దెబ్బతిన్నానో చూపించాను. అప్పుడు గానీ ఆయన మాతే టీ ఒక గుక్క తాగలేదు.

ఇక్కణ్ణుంచి బ్యూనస్ ఐరిస్ వెళతాను, నా ఊలు కోటు అక్కడికి పంపు. అమ్మ మోకాలు ఎలా ఉంది? వంటింటి కప్పు బాగుచేయించావా? పిల్లలకు ముద్దులు.

ఈ కార్డు రమోనా పిన్నిగారికి చదివి వినిపించు. "నేను చెబితే మా ఆవిడ నమ్మదు, నువ్వు రాయరా" అన్నారు మాస్టారు.

నీ తమ్ముడు
లిసాంద్రో